కాలేజీ, కలెక్టరేటు, ఫ్యాక్టరీ: ముగ్గురూ కలిసి ఒక పని చేయాలంటే ఎలా మొదలుపెట్టాలి

కడప జిల్లాలో చదువుల సంస్థలకు కొదవ లేదు. యోగి వేమన యూనివర్సిటీ 2006లో వచ్చింది, పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఆ ఏడాదే, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2020లో. పరిశ్రమలూ ఉన్నాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం, రోడ్డు పొడుగునా బండల పాలిష్ ఫ్యాక్టరీలు, ఇప్పుడు కొప్పర్తి. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో కొప్పర్తి ఒకటి, కర్నూలు జిల్లా ఓర్వకల్లు ఇంకొకటి. ఇన్ని ఉన్నా, పాలిష్ ఫ్యాక్టరీ నడిపే మనిషికి తన ఇబ్బందికి జవాబు వేమన యూనివర్సిటీ ల్యాబులో దొరకొచ్చన్న ఆలోచనే రాదు. అక్కడ ఎమ్మెస్సీ చదివే అమ్మాయికి బస్సు కిటికీలోంచి రోజూ కనిపించే ఆ తెల్లటి పొడి గుట్టలే తన ప్రాజెక్టు కావచ్చని ఎవరూ చెప్పరు. చదువైపోగానే ఆమె బెంగుళూరు బస్సెక్కుతుంది.

మీరు లెక్చరరో, చిన్న ఫ్యాక్టరీ ఓనరో, ఊరికి ఏదో చేయాలని తిరిగే కుర్రాడో అయితే ఈ మూడు వైపులనూ కలపడం మీ వల్ల అవుతుంది. దానికి పెద్ద హోదా అక్కర్లేదు, సంవత్సరం పాటు వెంటపడే ఓపిక కావాలి. ఒక్క విషయం మాత్రం ముందే చెబుతాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది: ఎంఓయూతో, అంటే అవగాహన ఒప్పందంతో మొదలుపెట్టకండి. సంతకాలు, శాలువాలు, ఫొటో అయిపోయాక ఎవరి దారిన వాళ్ళు పోతారు, ఎందుకంటే సోమవారం పొద్దున ఎవరు ఏం చేయాలో ఆ కాగితంలో ఉండదు. ముందు పని మొదలవ్వాలి, కాగితం దాని వెనక రావాలి.

ముందు ఒక్క నష్టాన్ని పట్టుకోండి

"జిల్లా ఆర్థికాభివృద్ధి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ కదలరు. ఒక వ్యాపారం, అందులో ఒక నష్టం, అంతే తీసుకోండి. ఆ నష్టం చాలామంది చిన్న ఓనర్లకు ఒకేలా ఉండాలి, రూపాయల్లో చెప్పగలిగేదై ఉండాలి, ఏ ఒక్కరూ సొంతంగా తీర్చుకోలేనిదై ఉండాలి. మైదుకూరు వైపు కేపీ (కృష్ణాపురం) ఉల్లి పండించేవాళ్ళకు నిల్వ, పులివెందుల అరటి రైతుకు కోత తర్వాత దెబ్బతినే గెలలు, ఇలా ఎవరి ఊళ్ళో వాళ్ళకు కనిపిస్తాయి. నేను ఇక్కడ బండల పాలిష్ పొడిని ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే మూడు వైపుల వాళ్ళకూ ఇందులో వాటా ఉంది.

సంగతి ఇది. గనిలోంచి వచ్చిన బండను కోసి, నీళ్ళు పోస్తూ పాలిష్ పడతారు. ఆ నీళ్ళతో పాటు మెత్తటి రాతిపొడి గుంతలోకి పోతుంది, నీళ్ళు ఇంకాక ట్రాక్టరుకెత్తి ఎక్కడో ఒకచోట పోస్తారు, రోడ్డు పక్కనో, వంకలోనో. ఎండాకాలం గాలి లేస్తే అది ఇళ్ళ మీదికి, పైర్ల మీదికి వస్తుంది. ఓనరుకు ట్రాక్టరు బాడుగ దండగ, పంచాయతీకి రోజూ ఫిర్యాదులు, కాలుష్య నియంత్రణ మండలి నుంచి నోటీసు భయం. అసలు విషయం చూస్తే ఇది పారేయాల్సిన సరుకేనా అన్నది అనుమానమే. మన బండ ఎక్కువగా నర్జి సున్నపురాయి, జమ్మలమడుగు వైపు నర్జి ఊరి పేరే ఆ రాతి పొరకు పెట్టారు, సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వేదీ అలాంటి సున్నపురాయినే. అంటే ఆ పొడిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు, కొంత ఇసుక, కొంత బంకమట్టి. ఏది ఎంత అన్నది గనికీ గనికీ మారుతుంది. యూనివర్సిటీతో పని పడేది సరిగ్గా ఇక్కడే.

తర్వాత లెక్క తీయండి, పిల్లలతో తీయించండి

అంకెలు లేకుండా ఏ ఆఫీసుకు వెళ్ళినా "చూద్దాంలే" అంటారు. అంకెలు తీయడానికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగం చేశారు, ఇంజనీరింగ్ వాళ్ళకూ ఇంటర్న్‌షిప్ ఉంది. చాలా చోట్ల ఇవి సర్టిఫికెట్ కోసం చేసే తంతుగా మిగిలిపోతున్నాయి, పిల్లల తప్పేం లేదు, వాళ్ళకు చేయడానికి నిజమైన పని చూపించేవాళ్ళు లేక. మీరు వెళ్ళి ఒక లెక్చరరుతో "సార్, మీ పిల్లల్ని కొందరిని మాకివ్వండి, ఫ్యాక్టరీలు మేం చూపిస్తాం, రిపోర్టు మీరు దిద్దండి" అంటే కాదనేవాళ్ళు తక్కువ.

పిల్లల్ని పంపే ముందు వాళ్ళకు మాట నేర్పండి. ఓనరు దగ్గరికి పోయి "మీ టర్నోవరెంత, ప్రొడక్షనెంత" అంటే ఆయన ట్యాక్సు వాళ్ళ మనుషులేమో అనుకుని మూసుకుపోతాడు. "అన్నా, పొడి ఎత్తేదానికి వారానికి ట్రాక్టరు ఎన్నిసార్లు పిలుస్తారు? ఒక ట్రిప్పుకు ఎంత ఇస్తారు? నీళ్ళు బోరువేనా, ట్యాంకరు కొంటారా? గుంత ఎన్నాళ్ళకు నిండుతుంది?" అని అడగమనండి. ట్రిప్పుల నుంచి పొడి ఎంతో మనమే లెక్క కట్టుకోవచ్చు. కరెంటు కోతలున్న వారం, పండగ వారం వేరే, మామూలు వారం వేరే, అందుకే ఒక్కసారి అడిగి వదిలేయకుండా కనీసం రెండు నెలలు ఒకే ఫ్యాక్టరీలకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ప్రతి గుంతలోంచీ రెండు కిలోల పొడి సంచిలో కట్టి, దాని మీద ఊరు, గని, తేదీ రాసి పెట్టాలి. ఈ చిన్న చీటీ లేకపోతే ల్యాబులో వచ్చిన ఫలితం ఏ రాయిదో తెలియదు, పని మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది.

కూలీలతో కూడా మాట్లాడించండి. నీళ్ళు పోయకుండా కోసే చోట లేచే దుమ్ములో సిలికా ఉంటే అది ఊపిరితిత్తులకు చేటు, ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ఓనరు, ప్రొఫెసరు, ఆఫీసరు ముగ్గురూ కూర్చున్న చోట ఆ దుమ్ములో నిలబడే మనిషి మాట ఎవరూ ఎత్తరు, అందుకే లెక్కల పుస్తకంలోనే అది ఎక్కాలి.

చివరిగా ఒకటి, తీసిన లెక్కను ముందు ఓనర్లకే తెలుగులో ఒక పేజీలో రాసివ్వండి. "అందరం కలిపి ఏడాదికి పొడి పారేయడానికే ఇంత పోస్తున్నాం" అని వాళ్ళ కళ్ళతో చూసుకున్న రోజు నుంచి మీ వెంట నడుస్తారు.

యూనివర్సిటీలో ఎవర్ని కలవాలి

నేరుగా వీసీ గదికి పోకండి. ఆయన మర్యాదగా మాట్లాడతారు, టీ ఇస్తారు, ఒక కమిటీ వేస్తారు. మీకు కావాల్సింది ల్యాబు తాళం చేతిలో ఉన్న మనిషి. పీహెచ్‌డీ విద్యార్థుల్ని గైడ్ చేసే అసిస్టెంట్ ప్రొఫెసరో, అసోసియేట్ ప్రొఫెసరో. పొడి సంగతికైతే వేమన యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం వాళ్ళు, ప్రొద్దుటూరులో ఆ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, పులివెందులలో సివిల్ వాళ్ళు, ఎవరికి ఆసక్తి ఉంటే వాళ్ళు. ముందుగా ఫోను చేసి, సంచులు తీసుకుని వెళ్ళండి. చేతిలో సరుకుంటే మాట తొందరగా తెములుతుంది.

వాళ్ళకేం కావాలో తెలుసుకోండి, ఇది ముఖ్యం. లెక్చరరుకు పేపర్లు కావాలి, ప్రాజెక్టులు కావాలి, కన్సల్టెన్సీ ఆదాయం చూపించాలి, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్ళొచ్చినప్పుడు పరిశ్రమలతో కలిసి ఏం చేశారంటే చెప్పడానికి ఒక ఉదాహరణ కావాలి. మీ పని వాళ్ళకు ఇవన్నీ ఇస్తుంది, కాబట్టి మొహమాటపడాల్సిన పని లేదు, మీరు అడుక్కోవడానికి పోలేదు.

"పరిశోధన చేయండి సార్" అని మాత్రం అనకండి. అది మూడేళ్ళ థీసిస్ అవుతుంది. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్న ఒకటి పెట్టండి: ఫుట్‌పాత్‌కు పరిచే పేవర్ బ్లాకులో ఇసుకకు బదులు ఈ పొడి ఎంత శాతం కలిపితే గట్టిదనం ఐఎస్ 15658 ప్రమాణానికి తగ్గకుండా ఉంటుంది? ఇందులోనే ఆర్టీపీపీ బూడిద కూడా కలిపి చూడమనవచ్చు, థర్మల్ ప్లాంట్లు బూడిదను పూర్తిగా వినియోగించాలని 2021 డిసెంబరు నోటిఫికేషన్ చెబుతోంది కాబట్టి వాళ్ళకూ అవసరమే. కాంక్రీటు అసలు బలం 28 రోజుల క్యూరింగ్ తర్వాత చూస్తారు, అంటే ఒక విడత ప్రయోగానికి నెల పోతుంది, నాలుగు పాళ్ళు మార్చి చూడాలంటే అచ్చులన్నీ ఒకేసారి పోయించండి. పరీక్షల నెలలు, సెలవులు చూసుకుని తేదీలు పెట్టుకోండి. సెమిస్టరు పరీక్షలప్పుడు ల్యాబు అటెండరు కూడా దొరకడు.

పొడి ఒక్కటే కాదు, బండ అమ్మకం కూడా చూడాలి. టైల్స్ వచ్చాక ఇంట్లో బండ పరిచేవాళ్ళు తగ్గారు, ఇది ప్రతి ఓనరుకూ తెలిసిన బాధ. ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ మన కడపలోనే ఉంది. బండను వరండాకో, గోడకో, పార్కు బెంచీకో, బస్టాండు అరుగుకో ఎలా కొత్తగా వాడొచ్చో డిజైన్లు గీయమని ఒక సెమిస్టరు స్టూడియో పనిగా ఇప్పించండి. కొంచెం రంగు తేడా ఉందని, అంచు విరిగిందని పక్కన పడేసిన ముక్కలతో చేయమనండి. నాకైతే ఈ ఆలోచన పొడి కంటే కూడా ఎక్కువ ఫలితమిస్తుందనిపిస్తుంది, ఎందుకంటే పొడి ఖర్చు తగ్గిస్తుంది, డిజైను రేటు పెంచుతుంది.

ఓనర్లు చెయ్యి కలిపేదెట్లా

పక్కపక్క ఫ్యాక్టరీల వాళ్ళు ఒకే బేరానికి పోటీ పడుతుంటారు, కాబట్టి రేట్లు, గిరాకీల సంగతి మీటింగులో ఎత్తకండి, పొడి, నీళ్ళు, దుమ్ము వరకే. తలా కొంత వేసుకోమనండి, అచ్చులకు, ట్రాన్స్‌పోర్టుకు, ల్యాబు ఫీజుకు సరిపడా. మొత్తం చిన్నదైనా పరవాలేదు, జేబులోంచి డబ్బు తీసిన మనిషే తర్వాతి మీటింగుకు వస్తాడు. డబ్బు ఒకరి చేతిలో పెట్టకుండా అసోసియేషన్ పేరున బ్యాంకు ఖాతా తీసి, ఖర్చు లెక్క వాట్సాప్ గ్రూపులో ఎప్పటికప్పుడు పెట్టండి. ఇక్కడ పారదర్శకత లేకపోతే పార్టీల గొడవ ఎక్కడినుంచో వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు ఆఫీసులకు

లెక్క, ల్యాబు ఫలితం చేతికొచ్చాకే వెళ్ళండి. కలెక్టరేటులో సోమవారం అర్జీల రోజున క్యూలో నిలబడితే అర్జీగానే పోతుంది. జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజరును కలిసి, కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా పరిశ్రమల, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ మీటింగు అజెండాలో మీ అంశం చేర్పించండి. ఆ మీటింగులో గనుల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, పరిశ్రమలకు స్థలాలిచ్చే ఏపీఐఐసీ, విద్యుత్ శాఖ, లీడ్ బ్యాంకు వాళ్ళను ఒకే చోట పట్టుకోవచ్చు.

అక్కడ మొట్టమొదట డబ్బు అడగకండి. పొడి ఆరబెట్టి, అచ్చులు పోయడానికి కొంత స్థలం, ఊరి మున్సిపాలిటీలో ఒక ఫుట్‌పాత్ ముక్కకు ట్రయల్‌గా మీ బ్లాకులు వేయడానికి అనుమతి, ఈ రెండూ మీటింగు నిర్ణయాలు రాసే మినిట్స్‌లో ఎక్కడం, ఇవి అడగండి. మినిట్స్ గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఆఫీసర్లు బదిలీ అవుతారు. కొత్తగా వచ్చిన సారుకు మీరెవరో తెలియదు, ఫైలు మాత్రం తెలుస్తుంది. ప్రతి మీటింగు తర్వాత మినిట్స్ కాపీ అడిగి తీసుకుని, నకలు లెక్చరరుకొకటి, అసోసియేషనుకొకటి ఇవ్వండి.

మున్సిపల్ ఇంజనీరు దగ్గర ఇంకో చిక్కుంది, చాలా మంచి పనులు అక్కడే ఆగిపోతాయి. ఆయన ఎస్టిమేటు రాసేది ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ పనుల రేట్ల పట్టిక) ప్రకారం. మీ బ్లాకు ఎంత గట్టిదైనా, ఆ పట్టికలో లేని వస్తువును మామూలుగా ఆయన ఎస్టిమేటులో రాయలేడు, రాస్తే ఆడిట్‌లో ఆయన మెడకే చుట్టుకుంటుంది. కాబట్టి "ఇది కొత్త వస్తువు" అనకుండా, ఉన్న పేవర్ బ్లాకు ప్రమాణాన్నే అందుకున్న బ్లాకుగా టెస్టు సర్టిఫికెట్‌తో చూపించండి. ల్యాబు వాళ్ళకు మొదట్లోనే ఆ ప్రమాణం నంబరు ఇవ్వమన్నది అందుకే. ఇంజనీరును ప్రయోగం రోజు ల్యాబుకే పిలవండి, మిషన్ కింద బ్లాకు పగలడం కళ్ళారా చూస్తే ఆయనకు నమ్మకం కుదురుతుంది.

కాగితం ఇప్పుడు రాసుకోండి

ఎంఓయూ రెండు పేజీలు చాలు. ఎవరు ఏ పని, ఏ నెల లోపు, ఖర్చు ఎవరిది, మిషన్ ఎవరి పేరున, పని ఆగిపోతే ఆ మిషన్ ఎవరికి, యూనివర్సిటీ తరఫున ఒక పేరు కాకుండా ఒక పదవి, ఫ్యాక్టరీల తరఫున ఇద్దరు. కొత్త మిశ్రమమో, కొత్త మిషనో పుట్టేలా ఉంటే పేటెంటు సంగతి కూడా ముందే తేల్చుకోండి. సెమినారులోనో, పత్రికలోనో ముందే బయటపెట్టేస్తే తర్వాత పేటెంటు రావడం కష్టం, కాబట్టి దరఖాస్తు ముందు, పేపరు తర్వాత. విద్యాసంస్థలకు 2021 నుంచి పేటెంటు ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది, దరఖాస్తు యూనివర్సిటీ పేరున పెడితే అది దొరుకుతుంది.

పెద్ద డబ్బు ఎక్కడినుంచి

ట్రయల్ నిలబడ్డాకే ఈ మెట్టు. కామన్ ఫెసిలిటీ సెంటరు, అంటే అందరూ వాడుకునే ఒక యూనిట్ పెట్టాలంటే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ క్లస్టర్ పథకం ఉంది. 2022 మార్గదర్శకాల్లో 5 నుంచి 10 కోట్ల ప్రాజెక్టుకు 70 శాతం, 10 నుంచి 30 కోట్ల దానికి 60 శాతం గ్రాంటు, వెనకబడినవిగా కేంద్రం ఎంచిన ఆకాంక్షిత జిల్లాలకు ఇంకో 10 శాతం ఎక్కువ. 2018లో ఆ జాబితా వేసినప్పటి నుంచీ కడప అందులో ఉంది. దీనికి ఓనర్లంతా కలిసి ఒక సంస్థగా రిజిస్టరవ్వాలి, వాళ్ళ వాటా వాళ్ళు పెట్టాలి. తాజా నిబంధనలు పరిశ్రమల కేంద్రంలో చూపించుకుని డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) రాయించండి.

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిని మన వాళ్ళు పెద్దగా అడగరు. గనుల లీజుదారులు కట్టే సొమ్ము అది, గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ళకే ఖర్చు పెట్టాలి, తాగునీరు, ఆరోగ్యంతో పాటు కాలుష్య నివారణ, నైపుణ్య శిక్షణ కూడా అందులో ఉన్నాయి. దుమ్ము తగ్గించే పని, కూలీలకు ఊపిరితిత్తుల పరీక్షలు దీనికింద అడగడానికి మీకు పూర్తి న్యాయం ఉంది. సిమెంటు కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) సొమ్ము ఇంకో దారి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నెట్‌వర్త్ 500 కోట్లో, టర్నోవరు 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీ అంతకు ముందు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, తాము నడుస్తున్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. బడ్జెట్ ఏప్రిల్‌కు ముందే తయారవుతుంది, మీ కాగితం జనవరిలో వాళ్ళ టేబుల్ మీద ఉండాలి.

జూన్‌లో మొదటి బ్యాచి పిల్లలు వెళ్ళిపోతారు. వాళ్ళ లెక్కల పుస్తకం, నమూనా సంచులు, అచ్చుల కొలతలు డిపార్ట్‌మెంటు బీరువాలో ఒకటి, అసోసియేషన్ ఆఫీసులో ఒకటి చొప్పున రెండు చోట్ల ఉండేలా చూడండి, వెళ్ళే పిల్లల్లో ఒకరి చేత వచ్చే బ్యాచికి ఒక పూట ఫ్యాక్టరీలన్నీ తిప్పి చూపించండి. తొలిసారి ట్రయల్ వేసిన ఫుట్‌పాత్‌కు వానాకాలం తర్వాత ఒకసారి, ఎండాకాలం తర్వాత ఒకసారి వెళ్ళి, ఎన్ని బ్లాకులు పగిలాయో ఆ కొత్త పిల్లలే లెక్కపెట్టి అదే పుస్తకంలో రాయాలి.